యంత్రంలో గడ్డ, ఒంట్లో వరద

ఫ్లాస్కు మూత వదులైపోయి కారుతోందని దాని చుట్టూ తెల్ల టేపు అంటించి ఉంది. టేపు చివర కాస్త మడిచి ఉండబట్టి డిటెక్టివ్ జిగురుకి గోళ్లు పెట్టి గీకే పని తప్పింది. మడత పట్టుకుని ఒక్క లాగు లాగాడు, ఊడొచ్చింది. మూతలోకి టీ వంచుకున్నాడు.

"తాగు నాయనా. పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేవు," అంది పెద్దావిడ.

జిగురు అన్నది ఇంట్లో పెట్టిన పేరు కాదు. పట్టుకుంటే వదలడని పోలీసు స్టేషన్లో పెట్టారు. మెచ్చుకుని పెట్టిందీ కాదు. ప్రైవేటు డిటెక్టివ్‌ని ఎవరూ మెచ్చుకోరు. అవసరం పడితే పిలుస్తారు, అవసరం తీరాక ఎదురొస్తే వీధి మారతారు.

ఈసారి పిలిచింది ఈ పెద్దావిడే. ఐసీయూ తలుపు అవతల స్పృహ లేకుండా పడున్నది ఆవిడ తమ్ముడు, కోల్డ్ స్టోరేజీ యజమాని. వారం కిందట ఎవరో అతని తిండిలో ఎలుకల మందు కలిపారు. లివర్ చచ్చుబడిపోతోంది. రక్తాన్ని యంత్రంలో వడకట్టి, అందులో విషం పట్టిన ప్లాస్మాని తీసేసి, దాతలిచ్చిన మంచి ప్లాస్మా కలిపి తిరిగి ఎక్కించడం ఒక్కటే దారి అన్నారు డాక్టర్లు. మొదటి విడత తర్వాత వేళ్లు కదిలించాడు. మాట కూడా వస్తే మందు ఎవరు కలిపారో చెప్పొచ్చు. ఎవరికో ఆ భయమే పట్టుకున్నట్టుంది, నిన్న రెండో విడతలో మనిషి చావు గడప తొక్కి వచ్చాడు. ఈ సాయంత్రం నాలుగింటికి మూడో విడత. ఇదీ చెడితే నాలుగోది ఉండదని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

"నా నోటితో అనకూడదు గానీ," పెద్దావిడ గొంతు తగ్గించింది, "వాడికి రోజూ అన్నం పెట్టేది మా మరదలే. దాని మీద కన్నేసి ఉంచు."

"అందుకేగా ఆవిణ్ని లోపలికి రానివ్వొద్దన్నాను. మంచం దగ్గర మీరు తప్ప ఇంకెవరూ ఉండకూడదని డాక్టరమ్మతో మాట తీసుకున్నాను. వెళ్లి కూర్చోండి."

"నేనా? ఆ గొట్టాలు చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి నాయనా. ఆ మిషన్ పేరు కూడా నోరు తిరగదు." అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుని, ఫ్లాస్కు చంకన పెట్టుకుని లోపలికి వెళ్లింది.

నిన్న వాడిన యంత్రాన్ని, ట్రేతో సహా, పక్క గదిలో పెట్టి పోలీసులు తాళం వేశారు. జిగురు వెళ్లేసరికి ఆ తాళం తీసే ఉంది. గడపలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు.

"బావా, ఆ కాలు బయటే ఆపు."

ఇన్‌స్పెక్టర్ జిగురు భార్యకి తమ్ముడు. ఒకప్పుడు జిగురు సైకిలు వెనక కూర్చుని తిరిగినవాడు, ఇప్పుడు జీపు ముందు సీట్లో కూర్చుని తిరుగుతున్నాడు.

"అక్కనిచ్చిన బావకి గుమ్మంలో మర్యాద ఇదేనట్రా?"

"నిన్ను చేసుకుని మా అక్క పోగొట్టుకున్న మర్యాద ముందు తిరిగివ్వు. తర్వాత నీకేం ఇవ్వాలో చూద్దాం. అయినా నీకిక్కడ పనేం లేదు. నర్సుని అరెస్టు చేస్తున్నాను."

లోపల స్టూలు మీద నర్సు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. పక్కన డాక్టరమ్మ, చేతులు కట్టుకుని.

"ఆయన్ని రానివ్వండి," అంది డాక్టరమ్మ. "మీరిద్దరూ అరుచుకునేది నా ఐసీయూ దాకా వినిపిస్తోంది."

జిగురు నేరుగా యంత్రం దగ్గరికి వెళ్లాడు. మూరెడు పొడవు గాజులాంటి గొట్టం, లోపల వెంట్రుకల్లాంటి సన్నటి దారాలు వేలకు వేలు. అదే ఫిల్టర్. తెల్లగా ఉండాల్సిన దారాలు ఎండిన ఇటుక రంగులో బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఇది ఇలా ఎందుకయింది?"

"రక్తం గడ్డకట్టింది," అంది డాక్టరమ్మ. "ఒంటి బయటికొచ్చి ప్లాస్టిక్‌ని తాకితే చాలు, ఎక్కడో గాయమైందనుకుంటుంది రక్తం. గడ్డ కట్టిందా, ఫిల్టర్ మూసుకుపోతుంది. అందుకని మిషన్‌లోకి పోయే రక్తంలో హెపారిన్ చుక్కలు చుక్కలుగా కలుపుతాం. గడ్డకట్టనివ్వని మందు అది. ఈయనేమో లివర్ పోయిన మనిషి, నెత్తురు ఆపుకునే శక్తి సగం ముందే పోయింది. హెపారిన్ తగ్గితే మిషన్ ఆగిపోతుంది, పెరిగితే మనిషి ఆగిపోతాడు. సన్నటి గోడ మీద నడక మాది."

"నిన్న ఆ గోడ మీంచి ఎటు పడ్డారు?"

డాక్టరమ్మ ఫిల్టర్ వైపు వేలు చూపించింది. "రెండు వైపులా పడ్డాం. అదే నాకు అంతుపట్టట్లేదు. మొదలుపెట్టిన కాసేపటికే ఫిల్టర్ బిగుసుకుపోయింది. అంటే మందు చాల్లేదు. మిషన్ విప్పి పక్కన పెట్టామో లేదో ముక్కులోంచి, చిగుళ్లలోంచి, సూదులు గుచ్చిన ప్రతి చోటునుంచీ రక్తం కారడం మొదలైంది. అంటే మందు ఎక్కువైంది. ఒకే మనిషి, ఒకే రక్తం."

"ఎలా ఆపారు?"

"హెపారిన్‌కి విరుగుడు ఉంది. కానీ ఎంత హెపారిన్ వెళ్లిందో దానికి సరిపడా లెక్క కట్టి ఇవ్వాలి. ఎక్కువిచ్చామో, ఆ విరుగుడే రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. నిన్న నర్సు తెరిచిన సీసా ఒక్కటే, కాబట్టి లెక్క దొరికింది. బతికాడు."

"రక్తం పరీక్ష చేస్తే ఎంత వెళ్లిందో తెలియదా?"

"మీకైతే తెలుస్తుంది. లివర్ పోయినవాడి రక్తం పరీక్షలో ఎప్పుడూ తప్పుడు సాక్ష్యమే చెబుతుంది."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "ఇందులో అంతుపట్టనిదేముంది డాక్టరుగారూ? ఫిల్టర్ గడ్డకట్టేసరికి ఈవిడ కంగారుపడి సీసాడు మందూ రోగికి పొడిచేసింది. లేదా గడ్డకట్టడం సాకుగా పెట్టుకుని కావాలనే పొడిచింది. రోగి భార్యకీ ఈవిడకీ మధ్య ఏం మాటలు నడిచాయో స్టేషన్లో చెబుతుంది."

"నేను పొడవలేదు సార్!" నర్సు లేచి నిలబడింది. "మిషన్ విప్పాక గొట్టాలు మూసుకుపోకుండా సెలైన్ నెట్టి కడిగాను, అంతే. ఉత్త ఉప్పునీళ్లు. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు కోర్టులో వేయిస్తారు. తొందరపడకు."

జిగురు ట్రే మీదికి వంగాడు. ప్లాస్టిక్ కవర్లో సీలు వేసిన రెండు సిరంజిలు. ఒకే సైజు. ఒకదాని మీద టేపు ముక్క, దాని మీద పెన్నుతో హెపారిన్. రెండోదాని మీద సెలైన్. మిషన్‌కి బిగించిన హెపారిన్ సిరంజి ఇంచుమించు నిండుగానే ఉంది. కడగడానికి వాడిన సెలైన్ సిరంజి అడుగున కాస్త మిగిలింది.

"ఏరా, ఈవిడ తెరిచిన సీసా ఒక్కటే కదా?"

"ఒక్కటే."

"ఆ సీసా మందు ఈ మిషన్ సిరంజిలో ఉంది. సిరంజి నిండుగా ఉంది. మరి రోగి ఒంట్లోకి వెళ్లిందేమిటి, నీ బుర్రలో గుజ్జా?"

ఇన్‌స్పెక్టర్ ముఖం కందింది. "అందులో నీళ్లు పోసి, మందు దాచుకుని ఉంటుంది."

"ఉంటుందేమో. చూద్దాం. ఆ కవరు విప్పు."

"సీలు విప్పితే కోర్టులో నా తోలు విప్పుతారు. ల్యాబుకి పంపుతాను, వారంలో చెబుతారు."

"వారమా? నాలుగింటికి లోపల మళ్లీ మిషన్ పెడుతున్నారు. నిన్న ఎలా జరిగిందో తెలియకుండా పెడితే, చేసినవాడు ఇవాళా అలాగే చేస్తాడు. అప్పుడు నీ ఫైల్లో హత్యాయత్నం కాస్తా హత్య అవుతుంది. నర్సు నీ లాకప్‌లో ఉండగా జరిగిన హత్య. పై ఆఫీసరుకి ఏం చెబుతావు, బావ చెప్పాడు గానీ పౌరుషం అడ్డొచ్చిందని చెబుతావా?"

ఇన్‌స్పెక్టర్ కవరు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. "నా ఎదురుగా. చెరి రెండు చుక్కలే. మిగతాది మళ్లీ సీలు."

"నాకు మామూలు రక్తం కావాలి," అంది డాక్టరమ్మ. "ఏ మందూ వాడని మనిషిది."

జిగురు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"బావ రక్తమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అది రాయి డాక్టరుగారూ. లోపలే గడ్డకట్టి ఉంటుంది."

"మీ అక్కని అడుగు, అప్పుడప్పుడూ మరుగుతుంది కూడా."

డాక్టరమ్మ రెండు గాజు గొట్టాల్లోకి రక్తం తీసింది. ఒకదాంట్లో హెపారిన్ అని రాసున్న సిరంజిలోని చుక్కలు, రెండోదాంట్లో సెలైన్ అని రాసున్న సిరంజిలోని చుక్కలు కలిపింది. "మామూలు రక్తం పావుగంట లోపే ముద్దకడుతుంది. హెపారిన్ పడిందైతే నీళ్లలా ఉండిపోతుంది. ఆగండి."

జిగురుకి ఊరికే ఆగడం చేతకాదు. స్టూలు లాక్కుని నర్సు ఎదురుగా కూర్చున్నాడు.

"సిరంజిలు ఎప్పుడు నింపావమ్మా?"

"వాడే ముందు సార్."

"వెంటనే ముందా?"

"నింపిన వెంటనే వాడాలి సార్. అదే రూలు."

"రూలు నేనడగలేదు. నిన్న నువ్వేం చేశావో అడిగాను. ప్లాస్మా ఎవరు తెచ్చారు?"

"నేనే. బ్లడ్ బ్యాంకునుంచి."

"మంచులా గడ్డకట్టించి దాస్తారు కదా దాన్ని. కరిగించాక ఎంతసేపు ఆగొచ్చు?"

"ఆగకూడదు సార్. తెచ్చిన వెంటనే మొదలుపెట్టేయాలి."

"మొదలుపెట్టావా?"

"వెంటనే పెట్టాను."

"మరి సిరంజిలు ఎప్పుడు నింపావు, మెట్లెక్కుతూనా?"

నర్సు తల వంచుకుంది. చాలాసేపు చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. జిగురు ఒక్క మాట అనలేదు. అబద్ధం పట్టుబడ్డాక మనిషికి కాస్త చోటివ్వాలి, లేకపోతే ఇంకో అబద్ధంలో దూరుతుంది.

"ముందే నింపి పెట్టేశాను సార్," అంది చివరికి. "ముగ్గురు చేసే పని ఒక్కదాన్నే చేస్తున్నాను. అందరం అంతే. అన్నీ నింపి, టేపు మీద పేరు రాసి అంటించి, ట్రేలో పెట్టుకుని ప్లాస్మాకి పరిగెడతాం. బయటపడితే ఉద్యోగం పోతుందని చెప్పలేదు."

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూస్తోంది. ఆవిడకిది కొత్త సంగతిలా లేదు.

"అంటే మందున్న ట్రేని గాలికొదిలి వెళ్లావు," ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. "నువ్వు లేనప్పుడు ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు సార్. బయట గార్డు కూర్చునే ఉన్నాడు, అడగండి."

"అడిగాను. వాడూ ఎవరూ రాలేదనే అన్నాడు. ఇంక నువ్వు కాకపోతే ఎవరు?"

"అయింది," అంది డాక్టరమ్మ.

అందరూ బల్ల దగ్గరికి చేరారు. హెపారిన్ అని రాసున్న సిరంజితో కలిపిన గొట్టాన్ని ఆవిడ తలకిందులు చేసింది. చుక్క కారలేదు. రక్తం జెల్లీలా అడుగున అంటుకుపోయింది. రెండో గొట్టం, ఉప్పునీళ్లు కలిసిందనుకున్నది, కాస్త వంచేసరికే జారి మూత దాకా వచ్చేసింది.

"తారుమారు," అన్నాడు జిగురు.

నర్సు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"టేపులు మార్చారు, అంతే. ఇంకేం చేయలేదు. దీని టేపు దానికి, దాని టేపు దీనికి. మిషన్‌కి ఉప్పునీళ్లు దక్కాయి, ఫిల్టర్ గడ్డకట్టింది. గడ్డకట్టగానే ఏ నర్సయినా గొట్టాలు కడుగుతుంది. ఆ కడిగిన నీళ్లే హెపారిన్. చుక్కలుగా పూటంతా పోవాల్సింది ఒక్క తోపుకి లోపలికెళ్లింది. డాక్టరమ్మా, మీకు అంతుపట్టనిది ఇదే. రెండు వైపులా పడ్డది మీరు కాదు, రెండు సిరంజిలు."

"నా చేత్తోనే నెట్టాను," అంది నర్సు. ఎవరితోనూ కాదు.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "టేపులు ఈవిడే తప్పుగా అంటించి ఉండొచ్చు కదా? పని ఒత్తిడిలో."

అది మూర్ఖపు ప్రశ్న కాదు. జిగురు కూడా లోలోపల అదే అడుగుతున్నాడు. సిరంజిల్ని వెలుతురులోకి పట్టుకుని కవరు మీంచే చూశాడు. తర్వాత ట్రేలో వాడకుండా మిగిలిన సిరంజిల్ని చూశాడు. వాటి మీద టేపు అడ్డదిడ్డంగా చింపి ఉంది, అంచులు రంపంలా ఉన్నాయి. ఈ రెండింటి మీద మాత్రం ప్రతి టేపు చివరా ఒద్దికగా లోపలికి మడిచి ఉంది.

"ఇలా మడుస్తావా నువ్వు?"

"మాకంత తీరికెక్కడిది సార్? చింపడం, అతికించడం." నర్సు దగ్గరికొచ్చి చూసింది. "ఇది ఇంట్లో డయాలిసిస్ మిషన్ పెట్టుకున్నవాళ్ల అలవాటు. గ్లోవ్స్ వేసుకుని ఒంటిచేత్తో ఊడదీయాలి కదా. పక్కన అందించేవాళ్లుండరు. అందుకని చివర మడిచి పెట్టుకుంటారు."

జిగురు బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కలుసుకున్నాయి. ఇలాంటి మడతని ఇవాళ ఆ వేళ్లు పట్టుకున్నాయి. పట్టుకుని లాగాయి. టీ వంచుకున్నాయి.

"అమ్మా, ఎవరూ రాలేదన్నావు. అది వదిలెయ్. గదిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్." నర్సు ఆలోచించింది. "పెద్దావిడ ఉంది, తమ్ముడి తల దగ్గర. ఆవిడ ఎప్పుడూ ఉంటుంది కదా."

జిగురు అప్పటికే గుమ్మం దాటాడు.

వరండా చివర బెంచీ మీద రోగి భార్య ఒంటరిగా కూర్చుని ఉంది. వారం రోజులుగా ఆవిడ పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డ జిగురుని చూసి, ఇంకో నింద వినడానికి సిద్ధమైనట్టు భుజాలు దగ్గరికి తీసుకుంది.

"మీ ఇంట్లో ఎవరికైనా మిషన్ పెట్టారా? రక్తం శుభ్రం చేసేది?"

"మా అత్తగారికి. కిడ్నీలు పోయాయి. ఇంట్లోనే పెట్టించారు."

"ఎవరు చూసుకునేవాళ్లు?"

"ఇంకెవరు, మా వదినే. నన్ను ఆ గదిలోకి రానిచ్చేది కాదు. మొదట్లో నర్సు వచ్చి నేర్పింది. తర్వాత్తర్వాత ఆ నర్సే ఏదైనా అనుమానమొస్తే వదినకి ఫోన్ చేసి అడిగేది."

గొట్టాలు చూస్తే కళ్లు తిరుగుతాయి నాయనా. ఇందాక పెద్దావిడ అన్న మాట.

"మీ అత్తగారు ఎలా పోయారు?"

"అమ్మ పడే బాధ చూడలేనని మా ఆయనే ఒకరోజు మిషన్ తీయించేశారు. వదిన ఊళ్లో లేని రోజు చూసి. ఆవిడ తిరిగొచ్చేసరికి అత్తగారికి స్పృహ లేదు. ఆ తర్వాత వదిన ఆయన్ని ఒక్క మాట అనలేదండీ. అదే నాకు భయం వేసింది. పల్లెత్తు మాట అనలేదు." ఆవిడ తలెత్తింది. "ఎందుకడుగుతున్నారు? లోపల ఆయన దగ్గర ఎవరున్నారు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కన్నా పరిగెత్తడం సులువనిపించింది జిగురుకి.

వెనక బూట్ల చప్పుడు. "బావా! ఏమైంది?" ఇన్‌స్పెక్టర్. ఆ వెనక డాక్టరమ్మ.

"మంచం దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దన్నానురా," అన్నాడు జిగురు ఆగకుండా. "హంతకురాలికి కాపలా పెట్టాను."

ఐసీయూ గదిలో కొత్త యంత్రం గోడకి ఆనించి సిద్ధంగా ఉంది. డ్యూటీ నర్సు లేదు. నాలుగింటి చికిత్సకి ప్లాస్మా తేవడానికి వెళ్లింది. పెద్దావిడ ఉంది కదా అని ధైర్యంగా వెళ్లింది.

పెద్దావిడ తమ్ముడి తల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులకి గ్లోవ్స్. అతని మెడ దగ్గర గొట్టం మూతని, అలవాటైన వేళ్లతో, ఒక్క తిప్పులో బిగించేసింది. ఒళ్లో ఖాళీ సిరంజి. కాళ్ల దగ్గర, ఫ్లాస్కు పక్కన, పాత మందుల సంచీ. అమ్మ పోయాక ఎవరూ పారేయని సంచీ అయుండాలి.

"వచ్చావా నాయనా," అంది. "నాలుగింటికి మిషన్ పెడతారు కదా, గొట్టం మూసుకుపోకూడదని కడిగి పెట్టాను."

ఇన్‌స్పెక్టర్ ఆవిడ రెక్క పట్టుకున్నాడు. ఆవిడ పెనుగులాడలేదు. జిగురు సంచీ బోర్లించాడు. హెపారిన్ సీసాలు దొర్లాయి, కొన్ని నిండువి, కొన్ని ఖాళీవి, కొన్ని సగం. వీటిలో ఏది ఇవాళ ఖాళీ అయింది, ఏది తల్లి బతికుండగా ఖాళీ అయింది, చూసి చెప్పగలిగిన మొనగాడు లేడు.

"విరుగుడు తెండి!" డాక్టరమ్మ తలుపు వైపు అరిచింది. తర్వాత పెద్దావిడ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, ఎంత పెట్టారు? చెప్పండి. ఎంత?"

"నన్ను ఇందులోకి ఎందుకు దింపావు?" అన్నాడు జిగురు. అడగాల్సిన ప్రశ్న అది కాదని తెలిసీ అడిగాడు.

"మా మరదల్ని పట్టిస్తావనుకున్నాను నాయనా. నీకు జిగురని పేరు కదా, ఒకళ్లని పట్టుకుంటే వదలవనుకున్నాను." నిజంగానే నొచ్చుకున్నట్టు తల ఊపింది.

"ఎంత పెట్టారమ్మా?" డాక్టరమ్మ ఖాళీ సిరంజిని ఎత్తి చూపించింది. "మీ తమ్ముడు. మీ చేతుల్లో పెరిగినవాడు."

పెద్దావిడ మొదటిసారి ఆవిడ కళ్లలోకి చూసింది.

"మా అమ్మ ఇంకా ఎన్నాళ్లు బతికేదో లెక్క చూసుకునే తీయించాడా వీడు, మిషను? ఎవర్నన్నా అడిగాడా? మీరూ లెక్క లేకుండానే ఇవ్వండి."

రోగి ముక్కు అంచున ఎర్రగా ఒక చుక్క పెరిగింది. పెరిగి, పై పెదవి మీదికి జారింది. దాని వెనకే ఇంకోటి.

పరిగెత్తుకొచ్చిన నర్సు విరుగుడు సిరంజిని డాక్టరమ్మ చేతిలో పెట్టింది. డాక్టరమ్మ దాన్ని గొట్టానికి ఆనించి, తోయకుండా అలాగే ఆగిపోయింది. ఏ గీత దగ్గర ఆపాలో చెప్పగలిగిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది.

ఆవిడ, ఇన్‌స్పెక్టర్ పట్టుకోని చేత్తో, జిగురు ఊడదీసిన టేపుని ఫ్లాస్కు మూతకి మళ్లీ అంటించుకుంటోంది. అంటించి, చివర మడుస్తోంది.